ఎర్ర కార్డా, నీలి కార్డా

మా చిన్నమ్మ ఎడమకాలు వంగదు. ఎనిమిదేండ్లప్పుడు పల్లికాయ బండి మీద నుంచి పడ్డదట. ఊరి వైద్యుడు వెదురుబద్దలు పెట్టి కట్టు కట్టిండు. కట్టు విప్పేనాటికి మోకాలు బిగుసుకుపోయింది. ఆ కాలుతోనే పెరిగింది, పెండ్లి చేసుకుంది, ఇద్దరు పిల్లలను కన్నది, ఆత్మకూరు దగ్గర నాలుగెకరాల చెలక సాగుచేసింది. ఒక్క బస్సు ప్రయాణమే ఆమెకు కష్టం. రెండు సీట్ల మధ్య ఆ కాలు ఇముడదు. నడిమి తోవలోకి చాపితే ఎక్కేటోళ్లకూ దిగేటోళ్లకూ అడ్డం. అందుకని ఆత్మకూరు నుంచి వనపర్తికి వచ్చినప్పుడల్లా డ్రైవరు పక్కన ఇంజను బానెట్ మీద కూర్చునేది. వేడి తగలకుండ కింద గోనెసంచి మడతపెట్టుకునేది. ఆ తోవలో తిరిగే డ్రైవర్లందరికీ ఆమె తెలుసు. "అవ్వా, గేరు మార్చాలె, జర కాలు పక్కకు జరుపు" అంటుంటిరి.

పల్లికాయను చేతబట్టి చూడటం నాకు నేర్పింది చిన్నమ్మే. గద్వాల దిక్కు బుడ్డలంటరు, మా దిక్కు పల్లికాయ. కాయను చెవి దగ్గర ఆడించి లోపలి గింజ ఎండిందో లేదో చెప్పేది. ఆ తర్వాత నేను వ్యవసాయ డిగ్రీ చదివిన, ప్రయోగశాలలో పరీక్షలు నేర్చుకున్న, పల్లీలను వేరే దేశాలకు పంపే ఒక కంపెనీలో నాణ్యత చూసే ఉద్యోగం సంపాదించిన. మిల్లు పెబ్బేరు తోవలో ఉండేది, నా కాపురం వనపర్తిలో. నెలకు రెండుసార్లు ముంబైకో చెన్నైకో పోవాలె. ఏడాదికి నాలుగైదుసార్లు మలేసియాకో ఇండోనేసియాకో పోవాలె. అక్కడ సరుకు దిగినాక కొన్నవాళ్లు "బూజు పట్టింది" అని ఫోను చేస్తే, నేను పోయి సంచులు విప్పించి చూసి రావాలె.

ఇది రెండువేల ఆరు నాటి మాట. అప్పటికి హైదరాబాదు ఎయిర్‌పోర్టు ఇంకా బేగంపేటలోనే ఉంది. అన్నిసార్లు విమానం ఎక్కిన పుణ్యానికి నా బీరువాలో రెండు కార్డులు చేరినయి. ఒకటి నీలిది, మన దేశపు విమాన కంపెనీ ఇచ్చింది. ఇంకొకటి ఎర్రది, సముద్రం అవతలి కంపెనీ ఇచ్చింది. వీటినే ఫ్రీక్వెంట్ ఫ్లైయర్ కార్డులంటరు. మనం ఎంత దూరం పోతే దాన్ని బట్టి ఖాతాలో మైళ్లు రాసుకుంటరు. అవి చాలినన్ని జమైతే ఊరకే టికెట్ ఇస్తరు. నేను వాటిని పట్టించుకున్నదే లేదు. నెలనెలా వచ్చే కాగితాలు చింపకుండనే అటక మీద పడేస్తుంటి.

ఆ చలికాలంలో పెనాంగ్ నుంచి ఒక ముసలామె మిల్లు చూడనీకి వచ్చింది. మలేసియాలో సముద్రం ఒడ్డునుండే ఆ ఊర్లో ఆమె పల్లికాయను పొట్టుతోనే ఉప్పునీళ్లలో ఉడకబెట్టి, ఎండబెట్టి, వేయించి అమ్ముతది. చీనా మనిషి. డెబ్బై ఏండ్లుంటయి. ఇంగ్లిషు ముక్కలు ఓ ఇరవై వచ్చేమో. నేను తెలుపు కోటు వేసుకుని పరీక్షల కాగితాలన్నీ ఆమె ముందట పరిచిన. ఆమె వాటి దిక్కు చూడలేదు. ఆ రోజు చిన్నమ్మ తన కాయ తూకం వేయించనీకి మిల్లుకు వచ్చి, గోడవారగా కాలు చాపుకుని కూర్చుని చేటతో గింజలు చెరుగుతుంది. ముసలామె నేరుగా పోయి ఆమె పక్కన కింద కూర్చుంది. కుప్పలోంచి ఒక కాయ తీసి చెవి దగ్గర ఆడించింది. చిన్నమ్మ ఆమె దిక్కు చూసి, ఆ కాయ అందుకుని తానూ ఆడించి, పక్కకు పారేసింది. ముసలామె తలూపింది. ఇంకొకటి తీసింది. ఇద్దరూ అట్ల మధ్యాహ్నం దాక కూర్చున్నరు. ఒకరి మాట ఒకరికి తెల్వదు. నవ్వులు మాత్రం మిల్లు బయటికి వినబడ్డయి.

పోయేటప్పుడు ముసలామె నన్ను పిలిచి చిన్నమ్మను చూపిస్తూ, "షీ కమ్. మై హౌస్. యూ బ్రింగ్" అన్నది.

నేను చిన్నమ్మకు చెప్పిన. ముసలామె మర్యాదకు పిలిచింది, ఈమె నవ్వి ఊరుకుంటదనుకున్న.

"పోతనే" అన్నది చిన్నమ్మ. "ఎప్పుడు పోదాం?"

ఆ మాట చెప్పి చెప్పి మిల్లులో అందరూ వారం రోజులు నవ్వుకున్నరు. చిన్నమ్మ మాత్రం నిజంగనే అన్నది. పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టించింది. విచారణకు ఇంటికి వచ్చిన పోలీసాయన "ఏం పని మీద పోతున్నవమ్మా?" అని అడిగితే "పల్లికాయ చూడనీకి" అని చెప్పిందట. ఆయన అదే రాసుకుని పోయిండు.

నాకు పరేషాన్ మొదలైంది. ఒకనాడు ఆమెను కూర్చోబెట్టి చెప్పిన. "చిన్నమ్మా, విమానంల సీట్లు బస్సుకంటె ఇరుకు. నాలుగు గంటలకు పైన కూర్చోవాలె. ఆడ బానెట్ ఉండదు."

ఆమె తాపీగా అడిగింది. "ముందట దొడ్డ సీట్లుంటయి, కాళ్లు చాపుకుని పండుకుంటరు అని నువ్వే చెప్తివి కదా?"

చెప్పిన మాట నిజమే. వెనక సీట్లకు పోయేటప్పుడు ఆ ముందు సీట్ల మధ్య నుంచే నడుస్తం కాబట్టి చూసి వచ్చి వర్ణించిన. బిజినెస్ క్లాసంటరు వాటిని. మాలాంటోళ్లు కొనేవి కావు. కానీ ఆ రోజు ఆమె అట్ల అడిగేసరికి అటక మీది కాగితాలు యాదికొచ్చినయి.

వనపర్తిలో బస్టాండు వెనక ఒక ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. దాన్ని నడిపే ఆయన గల్ఫుకు, హజ్‌కు పోయేటోళ్లకు టికెట్లు కూడా చేస్తుండె. నేను ఆయనను భాయ్ అంటుంటి, ఆయన నన్ను మేడం అంటుండె. నాలుగేండ్ల కాగితాలను సంచిలో పోసుకుని పోయి ఆయన బల్ల మీద కుమ్మరించిన. ఆయన కండ్లద్దాలు పెట్టుకుని ఒక్కొక్కటి విప్పిండు.

"మేడం, ఇంత ఖజానా పెట్టుకుని ఎలుకలకు వేస్తున్నరు" అన్నడు.

ఖజానా ఉంది గాని చీలిపోయి ఉంది. నీలి కార్డులో ఎక్కువ మైళ్లున్నయి, ఎర్రదాంట్ల తక్కువ. అవతలి దేశాలకు పోయినప్పుడు కంపెనీ అగ్గువ ధర టికెట్లు కొనేది. వాటికి ఎర్ర కార్డు వాళ్లు సగం మైళ్లే రాసేటోళ్లు. దేంట్ల చూసినా ఒక్క బిజినెస్ క్లాసు టికెట్‌కు కూడా చాలవు. ఇంకో మూడోది నా బ్యాంకు క్రెడిట్ కార్డు. దాని పాయింట్లను ఈ రెండింటిలో దేంట్లకైనా మైళ్లుగా మార్చుకోవచ్చు. మారిస్తే ఒక్క సీటుకు సరిపోతది. కానీ ఒకసారి మార్చినంక వెనక్కి రావు.

"ఒక్క సీటే" అన్న.

"ఖాలాకు కావలసింది ఒక్కటే కదా" అన్నడు భాయ్. చిన్నమ్మను ఆయన ఖాలా అనేటోడు, ఉర్దూలో చిన్నమ్మనే. "మీరు వెనక కూర్చోండ్రి. మీకు ఎట్లాగూ కంపెనీ టికెట్ ఉంటది."

అట్ల ముచ్చటంతా ఒక ప్రశ్న దగ్గర ఆగింది. బ్యాంకు పాయింట్లు నీలి దాంట్ల పొయ్యాల్నా, ఎర్ర దాంట్ల పొయ్యాల్నా?

నా మనసంతా నీలి దాని మీదనే ఉంది. అందులో మైళ్లు ఎక్కువ. ఆ టికెట్ ఎవరి పేరు మీదైనా ఇయ్యొచ్చు, అడిగేటోడు లేడు. ఎర్ర దానికి నియమాలు ఎక్కువ. ముందుగా ఐదుగురి పేర్లు రాసివ్వాలె, వాళ్లకు తప్ప ఇంకెవరికీ ఇవ్వరు. పైగా మూడేండ్లు దాటిన మైళ్లు మురిగిపోతయి. నావి కొన్ని ఆ నెలాఖరుకే పోయేటట్టున్నయి. పోతే పోనీ అనుకున్న. మర్నాడే బ్యాంకుకు ఫోను చేసి నీలి దాంట్లకు మార్చమని చెప్దామనుకుని, ఆ సంగతి చెప్పనీకి చిన్నమ్మను సెంటరుకు పిలిపించిన.

ఆమె అంతా విని ఒక్క మాటే అడిగింది. "మధ్యల దిగుడు ఎక్కుడు ఉంటదా?"

"చెన్నైల మారాలె" అన్న.

"చెన్నై దాక పోయే విమానంల గూడ ముందట దొడ్డ సీట్లుంటయా?"

నేను భాయ్ మొఖం చూసిన. భాయ్ కంప్యూటర్ దిక్కు తిరిగిండు. తెర మీద పేజీ రావడానికి ఐదు నిమిషాలు పట్టింది. హైదరాబాదు నుంచి చెన్నైకి ఆ కంపెనీ నడిపేది రెక్కలకు ఫ్యాన్లుండే చిన్న విమానం. అందులో ముందు సీట్లూ వెనక సీట్లూ అనే భేదమే లేదు. అన్నీ ఇరుకే. మెట్లు కూడా నిచ్చెన లెక్క నిటారుగా ఉంటయి. మర్నాడు మార్చి ఉంటే అన్ని మైళ్లూ పోసి ఆమెను ఆ ఇరుకులోనే కూర్చోబెట్టేదాన్ని.

"మైళ్లు యాడ ఎక్కువున్నయని చూడొద్దు మేడం" అన్నడు భాయ్. "ఖాలా యాడ ఎక్కి యాడ దిగుతదో అది చూడాలె."

ఎర్ర కంపెనీ విమానం హైదరాబాదు నుంచి నేరుగా కౌలాలంపూర్ పోతది. అక్కణ్ణుంచి పెనాంగ్‌కు ఇంకో గంట. రెండింట్లోనూ ముందు సీట్లున్నయి. అయినా నాకు ధైర్యం చాలలేదు. ఆ ముందు సీటులో ఈ కాలు నిజంగ పడుతదా? భాయ్ పక్క దుకాణంలోని దర్జీని కేకేసి టేపు తెప్పించిండు. చిన్నమ్మను కుర్చీలో గోడకు ఆనించి కూర్చోబెట్టి, కాలు ముందుకు చాపించి, వీపు నుంచి మడమ దాక కొలిచినం. ముప్పై తొమ్మిది అంగుళాలు. ఇంటర్నెట్ చూడనీకి వచ్చిన కాలేజీ పిల్లలు కూడా లేచి నిలబడి చూసిండ్రు. చిన్నమ్మ వాళ్లందరికీ కొలత చెప్పింది, ఏదో పందెం గెలిచినట్టు.

ఎర్ర కంపెనీ వాళ్ల నంబరుకు ఫోను చేసిన. ఢిల్లీ దిక్కు అమ్మాయి ఎవరో ఎత్తింది. సీటుకు ముందు ఎంత జాగ ఉంటదని ఇంగ్లిషులో అడిగితే, సౌకర్యంగ ఉంటదని, విలాసంగ ఉంటదని చదివినట్టు చెప్తుంది గాని అంగుళాలు చెప్పదు. చిన్నమ్మ నా చేతిలోంచి ఫోను గుంజుకుంది.

"బేటీ, మేరా పాఁవ్ సీదా హై, ముడ్తా నై. రఖనే కు జాగా హై క్యా?"

కాలు వంగదు బిడ్డా, పెట్టుకోను జాగ ఉందా అని. అవతల ఆ అమ్మాయి చదవడం ఆపింది. ఉండండి అమ్మా అని చెప్పి పోయింది. పాట ఒకటి మోగుతుంటే చిన్నమ్మ ఫోను చెవికి ఆనించుకుని తలూపుతూ కూర్చుంది. ఐదు నిమిషాలకు ఆ అమ్మాయి వచ్చి, తాను ఎవరినో అడిగి తెలుసుకున్ననని, సీటుకూ సీటుకూ మధ్య దగ్గర దగ్గర ఐదడుగులు, అమ్మ కాలు నిండ చాపుకోవచ్చు అని చెప్పింది. ఎడమకాలు తోవ దిక్కు ఉండకుండ కిటికీ సీటు ఇప్పిస్తనని తానే అన్నది. ఇంకా ఏదో అడిగింది. చిన్నమ్మ పెనాంగ్ ముచ్చటంతా ఆమెకు చెప్పింది. నేను గడియారం చూస్తున్న.

ఎర్రదే అని ఆ పూటే ఖాయం చేసుకున్నం. ఐదుగురి జాబితాలో మొదటి పేరు చిన్నమ్మది రాసిన. రేషన్ కార్డులో ఒక తీరుగ, పాస్‌పోర్టులో ఒక తీరుగ ఉండె ఆమె పేరు. భాయ్ పాస్‌పోర్టు తెప్పించుకుని ఒక్కొక్క అక్షరం రెండుసార్లు చూసి కొట్టిండు. బ్యాంకు పాయింట్లు మారనీకి పన్నెండు రోజులు పట్టింది. ఆ పన్నెండు రోజులూ పొద్దున మిల్లుకు పోతూ ఒకసారి, సాయంత్రం వస్తూ ఒకసారి సెంటరులో ఆగుతుంటి. నన్ను చూడంగనే భాయ్ తల అడ్డంగ ఊపేటోడు. పదమూడో రోజు నేను తలుపు దగ్గరున్నప్పుడే రెండు చేతులూ పైకెత్తిండు.

అప్పటికి మేం చూసి పెట్టుకున్న రోజు సీటు ఎవరో తీసుకున్నరు. ఊరకే ఇచ్చే సీట్లు విమానానికి ఒకటో రెండో పెడతరట. ఫోను చేస్తే నాలుగు రోజుల తర్వాతి విమానంలో ఉందన్నరు. అది కూడా పోవడానికే గాక రావడానికీ ఉంది. చిన్నమ్మను అడిగిన.

"నాలుగు రోజులల్ల పెనాంగ్ ఏడికి పోతదే? తియ్యి" అన్నది.

నెలాఖరుకు మురిగిపోవాల్సిన మైళ్లు కూడా అందులో కలిసినయి. టికెట్ కాగితం మీద అచ్చయి వస్తుంటే భాయ్ దాన్ని ప్రింటర్ నుంచి రెండు చేతులతో అందుకుని చిన్నమ్మకు ఇచ్చిండు. ఆమె చదవలేదు, ఆమెకు చదువు రాదు. మడిచి రవికలో పెట్టుకుని, దర్జీతో సహా అక్కడున్న అందరికీ చాయ్ చెప్పింది.

ముసలామెకు ఏం తీసుకపోవాల్నో చిన్నమ్మ ముందే అనుకుని పెట్టుకుంది. పెబ్బేరు సంతలో కొత్త చేట కొని, నానబెట్టిన మెంతులు రుబ్బి సందులన్నీ పూసి, మూడు రోజులు ఎండబెట్టింది. దాన్ని చేతిలో పట్టుకునే బేగంపేటకు వచ్చింది. తనిఖీ దగ్గర పోలీసమ్మ దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "దీంతో ఏం చేస్తవమ్మా?" అన్నది. చిన్నమ్మ అక్కడనే రెండుసార్లు చెరిగి చూపించింది. వరుసలో నిలబడ్డోళ్లందరూ నవ్విండ్రు. పోలీసమ్మ నవ్వుతూ పంపించేసింది.

విమానంలో ఆమె ముందుకు పోయింది, నేను వెనక్కి పోయిన. మా మధ్య తెర వేసిండ్రు. నేను ముప్పయ్యో వరుసలో ఇద్దరి మధ్య ఇరుక్కుని, ఆమెకు బెల్టు పెట్టుకోను వచ్చిందో లేదో, ఏమైనా అడగాలంటే ఎట్ల అడుగుతదో అని కుదురు లేకుండ కూర్చున్న. విమానం పైకి లేచిన అరగంటకు ఎయిర్‌హోస్టెస్ ఒకామె నన్ను వెతుక్కుంటూ వచ్చింది. చేతిలో తెల్లటి పింగాణీ గిన్నె. మీ అమ్మగారు పంపిండ్రు, మిమ్మల్ని ఒకసారి రమ్మంటున్నరు అని చెప్పింది. గిన్నె అడుగున నాలుగు వేయించిన పల్లీలున్నయి.

తెర తీసి చూస్తే చిన్నమ్మ కిటికీ పక్కన పరుపులాంటి సీటులో వెనక్కి వాలి ఉంది. మెత్తటి దుప్పటి కప్పుకుంది. దాని కింద ఎడమకాలు తిన్నగ చాపి ఉంది. పాదానికి, ముందు సీటుకు మధ్య జానెడు జాగ ఇంకా మిగిలింది.

"తిన్నవా? మాడ్చిండ్రు" అన్నది గిన్నె చూపించి. "జీడిపప్పు బాగుంది. పల్లి మాత్రం మంట ఎక్కువైంది. చెప్పమను వీళ్లకు."

"చెప్త. నీకెట్లుంది చిన్నమ్మా?"

ఆమె నా చెయ్యి పట్టుకుని మెల్లగ అన్నది.

"కూసున్నప్పటి సంది కాలున్న సంగతే యాది రాలేదే. ఇప్పుడు నువ్వొచ్చి చూస్తుంటే యాదికొచ్చింది."

నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. ఆమెకు మాత్రం నవ్వొచ్చింది. "పో, నీ జాగకు పో, ఆ బిడ్డ ఊకె నిలబడ్డది" అని నన్ను తోలింది.

పెనాంగ్‌లో ముసలామె రబ్బరు చెప్పులతో, ఇంత పెద్ద గొడుగుతో వచ్చి ఎదురుచూస్తుంది. చిన్నమ్మను కారు ముందు సీటులో కూర్చోబెట్టి, సీటును వెనక్కి ఎంత పోతే అంత జరిపించింది. ఆమె ఇంట్లోనే ఆరు రోజులున్నం. నాకు అక్కడ కంపెనీ పని కూడా ఉండె. మేం పంపిన సరుకులో కొన్ని సంచులు బూజు పట్టినయని ఆమె కొడుకు రాసిండు. నేను గోదాములో గింజలు తీసి పరీక్షలకు కట్టుకుంటుంటే, చిన్నమ్మ సంచుల వరుస వెంట నడుచుకుంటూ పోయి, చివరన గోడకూ సంచులకూ మధ్య చెయ్యి పెట్టింది.

"గోడ చెమ్మ పడుతుంది. జానెడు దూరం జరపమను" అన్నది.

ముసలామె కూడా చెయ్యి పెట్టి చూసింది. కొడుకును పిలిచి చీనా భాషలో గట్టిగ నాలుగు మాటలన్నది. ఆ సాయంత్రమే సంచులన్నీ గోడకు ఎడంగ చెక్కబల్లల మీదికి ఎక్కినయి. నా రిపోర్టు ఒక్క పేజీలో అయిపోయింది. మిగిలిన రోజులు ఆ ఇద్దరూ వేయించే పొయ్యి పక్కన ఎత్తుపీటల మీద కూర్చుని గింజలు నోట్లో వేసుకుంటూ గడిపిండ్రు. చిన్నమ్మ చేట పట్టుకోవడం నేర్పింది. ముసలామె పొట్టుకాయను ఉప్పునీళ్లలో ఎంతసేపు ఉంచాల్నో నేర్పింది. ఒకరోజు సముద్రం కాడికి పోయి, బండ మీద పక్కపక్కన కూర్చుని, అలలు కాళ్లకు తగిలినప్పుడల్లా చిన్నపిల్లల్లెక్క అరిచిండ్రు.

తిరిగి వచ్చినంక చిన్నమ్మ ఆత్మకూరులో మూడు నెలల దాక ఆ ముచ్చటే చెప్పింది. నీలి కార్డు మైళ్లను నేను తర్వాత భాయ్ కోసం వాడిన. ఆయన అమ్మను ముంబైలో కంటి దవాఖానకు తీసుకపోవాల్సి వస్తే రెండు సీట్లు ఇప్పించిన. ఎవరికైనా ఇచ్చే వీలు దాంట్లనే ఉండె కదా.

ఆదివారాలు ముసలామె మా ఇంటికి ఫోను చేసేది. ఆ రోజు చిన్నమ్మ వనపర్తిలో ఉండేటట్టు చూసుకునేది. ఆమె చీనాలో, ఈమె తెలుగులో, ఇద్దరూ ఒకేసారి పావుగంట మాట్లాడుకునేటోళ్లు. ఒకసారి ఉండబట్టలేక అడిగిన.

"ఏమన్నదే చిన్నమ్మా?"

"వాళ్ల దిక్కు వానలు బాగ పడుతున్నయంట. చిన్న మనవరాలికి పండ్లు వస్తున్నయంట" అన్నది.

నాకు నమ్మబుద్ధి కాలేదు. నాలుగు రోజులకు ముసలామె కొడుకు నుంచి సరుకు గురించి ఈమెయిల్ వచ్చింది. చివరన రెండు మాటలు రాసిండు. వానలు ఆగడం లేదని, పాపకు మొదటి పన్ను వచ్చిందని.